పోను ఆరు, రాను పన్నెండు

ఫ్రాంక్‌ఫర్ట్,
9 జూన్ 2025

వదినా,

క్షేమంగా దిగాను. ముందు ఆ మాట మీ తమ్ముడికి చెప్పి వచ్చి, మిగతాది తర్వాత చదవండి.

నా ఫోను ఇక్కడ పనిచెయ్యడం లేదు. మాట్లాడాలంటే మన లేసు కంపెనీ మేనేజరు గణేష్‌బాబు గారి ఫోనే దిక్కు. ఆయన పక్కన నిలబడి వింటూ ఉంటే ఇంటి సంగతులు ఏం మాట్లాడతాం? అందుకని కాగితం మీద రాస్తున్నాను. ఈ లేసు ప్రదర్శనలో పనిచేసే హారతి అని తణుకు అమ్మాయి ఉంది. ఇక్కడ చదువుకుంటూ శని, ఆదివారాలు వచ్చి వీళ్ళకి సాయం చేస్తుంది, మిగతా రోజుల్లోనూ వీలైతే సాయంత్రం వస్తానంది. మొదటి రోజని ఇవాళ కూడా వచ్చింది. నా ఉత్తరాలు ఫొటో తీసి మీ ఫోనుకి పంపుతానంది. "నేను చదవనాంటీ, తీసి పంపేస్తానంతే" అని ముందే చెప్పింది.

ప్రయాణం సంగతి రాస్తాను. నరసాపురంలో రైలెక్కి హైదరాబాదులో దిగేసరికి పది గంటలు పట్టింది. నాలుగు వందల యాభై కిలోమీటర్లు. విమానం ఎక్కి ఇక్కడ దిగేసరికి తొమ్మిదిన్నర గంటలు. ఏడు వేల కిలోమీటర్ల పైమాటేనట. ముందు సీటు వెనక చిన్న టీవీ ఉంటుంది. ఎంత దూరం వచ్చామో, ఇంకా ఎంత ఉందో అందులో అంకెలు తిరుగుతుంటాయి. అందరూ సినిమాలు చూశారు, నేను ఆ అంకెలు చూస్తూ కూర్చున్నాను.

నా పక్క సీటాయన బూట్లు, మేజోళ్ళు విప్పేసి కాళ్ళు ముందుకి చాపాడు. ఆ కంపులోనే భోజనం వచ్చింది. రెండు ముద్దలు తిని పక్కన పెట్టేశాను. మరుగుదొడ్డి సంగతి రాయకూడదు గానీ రాస్తాను. నీళ్ళుండవు వదినా, కాగితమే! ఇంత చదువుకున్నవాళ్ళు కాగితంతో సరిపెట్టుకుంటారా? మళ్ళీ వెళ్ళాల్సి వస్తుందని దిగేదాకా మంచినీళ్ళు కూడా తాగలేదు.

దిగేసరికి ఇక్కడ రాత్రి ఎనిమిది. బయట మన మూడు గంటల ఎండ కాస్తోంది. ఊళ్ళో ఒక నది ఉంది. మన వశిష్ఠ గోదారి పక్కన పెడితే పంటకాలువ.

నా పాస్‌పోర్టు, వచ్చేటప్పటి టిక్కెట్టు గణేష్‌బాబు గారు తన బ్యాగులో పెట్టుకున్నారు, నేను పోగొట్టుకుంటానని. రేపట్నించి ఆరు వారాలు నలుగురూ చూస్తుండగా కూర్చుని లేసు అల్లాలి. నాకు వచ్చిన పని అదొక్కటే గదా, భయం లేదు.

మీ తమ్ముడిని వేళకి తినమనండి.

మీ మరదలు
శ్రీదుర్గ


నరసాపురం,
13 జూన్ 2025

దుర్గా,

నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను, ఆ కాగితం సంగతి తప్ప. అది మాత్రం నేను ఒక్కదాన్నే చదువుకుని ఛీఛీ అనుకున్నాను. ఇంటికొచ్చాక ఆ విషయం ఎవరితోనూ అనకు.

మన లేసు సంఘంలో నలభై రెండు మందిమి ఉన్నాం. విమానం ఎక్కిన మనిషివి నువ్వొక్కదానివే. సంఘం లీడరుగా నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఇక మా అబ్బులు సంగతి అడగనే వద్దు. పంటు పడవ మీద టిక్కెట్లు కొడుతూ, రేవు దాటే ప్రతి మనిషికీ చెప్తున్నాడు. "మా ఆవిడ ఏడు వేల కిలోమీటర్లు ఎగిరిందండి. మీరు ఈ గోదారి దాటేలోపు అది రెండు వందలు దాటేస్తుంది" అంటాడు. సఖినేటిపల్లి వైపువాళ్ళకి కూడా నీ పేరు తెలిసిపోయింది.

గణేష్‌బాబు గారి మాట జవదాటకు. దేశాలు తిరిగిన మనిషి. ఏ చీర కట్టమంటే ఆ చీర కట్టు, ఎలా కూర్చోమంటే అలా కూర్చో. మా అమ్మాయి మంజుకి కంపెనీ ఆఫీసులో ఉద్యోగం ఇస్తామని ఆయనే మాటిచ్చాడు. అది గుర్తుపెట్టుకో.

ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. చేతులు చెమటపట్టి దారం నల్లబడుతోంది. తెల్లదారం పని అందరం ఆపేశాం. నీకు ఆ బాధ లేదు, అదృష్టవంతురాలివి.

ఆశీస్సులతో
నాగశ్రీ


ఫ్రాంక్‌ఫర్ట్,
16 జూన్ 2025

వదినా,

మీరు చెప్పినట్టే చేస్తున్నాను. కానీ నాకు ఇక్కడ ఏదో వెగటుగా ఉంది.

మొదటి రోజు నేను ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. గణేష్‌బాబు గారు చూసి "అది వద్దమ్మా" అన్నారు. తెల్లచీర ఇచ్చారు. తెల్ల లేసు తెల్లచీర మీదే ఖరీదుగా కనబడుతుందట. గాజులకి దారం తగులుకుంటుందని తియ్యమన్నారు. అది నిజమే, ఇంటిదగ్గరా అప్పుడప్పుడు తీస్తాం గదా. బొట్టుబిళ్ళ మీద లైటు పడి కెమెరాలో మెరుస్తోందని అదీ తీయించారు. నల్లపూసలు కూడా తియ్యమంటే తీసి పర్సులో పెట్టాను. పుస్తెలతాడు మాత్రం తియ్యనన్నాను. "సరే, లోపలికి వేసుకో" అన్నారు. తర్వాత ఒకతను వచ్చి ఫొటోలు తీశాడు. నవ్వితే వద్దన్నాడు.

స్నానాలగదిలో అద్దం చూసుకుని నా మొహం నేనే గుర్తుపట్టలేదు.

వచ్చినవాళ్ళు లేసు చూడరు వదినా, నన్ను చూస్తారు. ముందు గుమ్మం దగ్గర ఏదో పెద్ద బోర్డు ఉంది, జర్మను భాషలో. అది చదివి లోపలికి వస్తారు. నా చెయ్యి పట్టుకుంటారు. నిన్న ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఎందుకో తెలియక నేను నవ్వాను. నేను నవ్వినందుకు ఇంకా ఏడ్చింది. ఇంకొకావిడ మూడు పెద్ద చాక్లెట్లు తెచ్చి, మూడు వేళ్ళు చూపించి, ఇంత ఎత్తు అని చేత్తో కొలిచి చూపించింది. నాకేమీ అర్థం కాలేదు. గణేష్‌బాబు గారిని అడిగితే "వీళ్ళకి చేతిపని అంటే అంత భక్తి అమ్మా" అన్నారు.

భక్తికి ఏడవడం ఏంటి? వాళ్ళ చేతులు కడుక్కున్న సబ్బు వాసన నా చేతులకి పట్టుకుని పోవడం లేదు. అన్నం కలుపుతుంటే అదే వాసన.

మీ తమ్ముడు నాలుగు రోజులుగా ఫోను చెయ్యలేదు. పంటు పని ఎక్కువగా ఉందా?

శ్రీదుర్గ


నరసాపురం,
22 జూన్ 2025

శ్రీదుర్గకి,

ఆశీస్సులు రాయడానికి చెయ్యి రావడం లేదు.

కంపెనీవాళ్ళ పేజీలో నీ ఫొటో పెట్టారు. తెల్లచీర, బోడి చేతులు, బోడి నుదురు. కింద ఇంగ్లీషులో రాసింది మంజు చదివింది. "గోదావరిలో పడవ మునిగి భర్త చనిపోగా, ముగ్గురు పిల్లలతో ఆకలితో పోరాడుతూ లేసు అల్లుకుంటున్న శ్రీదుర్గ." ఊరంతా ఫోన్లలో తిరిగింది.

బుధవారం పంటు మీద నడిరేవులో ఒకడు మా అబ్బుల్ని అడిగాడట. "ఏంటి అబ్బులూ, నువ్వు పోయావంట గదా, మాకు కబురే లేదు!" పంటు మీద అందరూ నవ్వారట. మోటారు సైకిళ్ళవాళ్ళు, చేపల బుట్టలవాళ్ళు, అందరూ. వాడు టిక్కెట్ల పుస్తకం పక్కవాడి చేతిలో పెట్టి, ఒడ్డు తగలగానే దిగి ఇంటికొచ్చేశాడు. మూడు రోజులుగా రేవుకి పోలేదు. గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. అన్నం దగ్గర కూర్చుని "చచ్చినోడికి అన్నం ఏంటక్కా" అంటాడు. 

కట్టుకున్నవాడు పడవ మీదే బతుకుతుంటే, పడవ మునిగి పోయాడని చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది? పుట్టని పిల్లల్ని పుట్టించి ఆకలని చెప్పుకోవడానికి అసహ్యం వెయ్యలేదా?

ఇంకొకటి. ఆఫీసువాళ్ళిచ్చిన నీ టిక్కెట్టు కాపీ అబ్బులు దగ్గరుంది. మధ్యాహ్నం రెండింటికి ఎక్కి రాత్రి ఎనిమిదికి దిగినట్టుంది. అంటే ఆరు గంటలు. నువ్వేమో తొమ్మిదిన్నర అని రాశావు. వచ్చేటప్పుడు రాత్రి ఎనిమిదికి ఎక్కి పొద్దున్న ఎనిమిదింపావుకి దిగుతుంది. అంటే పన్నెండుంపావు. ఏడు వేల కిలోమీటర్లు పోనూ అంతే, రానూ అంతే గదా. మిగతా ఆరు గంటలు ఎక్కడ దిగుతారు? వాడు ఆ కాగితం పట్టుకుని అదే అడుగుతున్నాడు. "ఆ గణేష్‌బాబుతో మధ్యలో ఏ ఊళ్ళో దిగుతుందక్కా?" అని. 

దీనికి నీ దగ్గర జవాబు ఉంటే రాయి.

నాగశ్రీ


ఫ్రాంక్‌ఫర్ట్,
24 జూన్ 2025

వదిన గారికి,

మీ ఉత్తరం హారతి ఫోనులో వచ్చింది. రెండుసార్లు చదివాను. 

"మా ఆయనకి ఫోను కలుపు హారతీ, ఒక్కసారి" అన్నాను.

ఆ పిల్ల నా మొహంలోకి వింతగా చూసింది. "ఎవరికాంటీ?"

"మా ఆయనకి. నరసాపురం రేవులో పంటు మీద చేస్తారు."

"అంకుల్... ఉన్నారా?"

అప్పుడు నన్ను గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి ఆ బోర్డు ఒక్కొక్క లైనూ తెలుగులో చదివింది. మీరు రాసిందే ఉంది. ఇంకా ఎక్కువ ఉంది. మూడు రోజులు శవం దొరకలేదట. పిల్లలు నీళ్ళు తాగి పడుకుంటారట. కింద నా అంత ఎత్తు నా ఫొటో ఉంది. "మీకు తెలుసనుకున్నానాంటీ. బాధపడతారని నేనెప్పుడూ అంకుల్ సంగతి ఎత్తలేదు" అని ఏడ్చింది.

రెండు వారాలుగా నేను ఆ బోర్డు వెనక కూర్చుని అల్లుతున్నాను వదినా. దాన్ని చదివి వచ్చి నా చెయ్యి పట్టుకున్నవాళ్ళందరికీ చెయ్యి ఇచ్చాను. ఆ చాక్లెట్లు నాకు పుట్టని ముగ్గురికి. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు, ఎన్ని ఆసుపత్రులు తిరిగామో మీకు తెలుసు. ఆ చాక్లెట్లలో ఒకటి నేను తిన్నాను కూడా. మిగిలినవి చెత్తబుట్టలో పడేశాను.

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆయన పోయారని నా నోటితో అంటానా?

టిక్కెట్టు సంగతి హారతి చెప్పింది, జాగ్రత్తగా చదివి ఆయనకి చెప్పండి. ఇక్కడి గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక ఉంటుంది. నేను రెండింటికి ఎక్కి ఇక్కడి ఎనిమిదికి దిగాను. అప్పుడు మన ఊళ్ళో పదకొండున్నర. చూడండి, తొమ్మిదిన్నర అయిందా? వచ్చేటప్పుడు ఇక్కడ ఎనిమిదికి ఎక్కేసరికే మనకి పదకొండున్నర. పొద్దున్న ఎనిమిదింపావుకి హైదరాబాదు. ఎనిమిదీ ముప్పావు గంటలే. గాలి వెనక నుంచి తోస్తుందట, అందుకని రావడం కాస్త తొందర. మధ్యలో దిగడానికి ఏ ఊరూ లేదు. కింద అంతా ఎడారి, కొండలు, సముద్రం.

నాలుగుసార్లు చేశాం, ఆయన ఎత్తలేదు. ఒక్కసారి ఎత్తమనండి.

శ్రీదుర్గ


నరసాపురం,
28 జూన్ 2025

శ్రీదుర్గకి,

నీ గడియారం లెక్క వాడికి చెప్పాను. "గడియారాలు మారితే మొగుడు చచ్చిపోతాడా?" అన్నాడు. 

నువ్వు చెప్పకపోతే, పడవ సంగతి అంత దూరంలో ఉన్నవాళ్ళకి ఎలా తెలుస్తుంది? నువ్వు పడవవాడి పెళ్ళానివని ఎవరు చెప్పారు? ఎవరో ఒకరు చెప్పే ఉండాలి గదా. పోనీ జాలిపడతారని నోరుజారి ఉంటావు. ఆ మాట ఒప్పేసుకుని వాడికి క్షమాపణ రాయి. సంసారంలో ఆడవాళ్ళం సర్దుకోవాలి.

అక్కడ గొడవ మాత్రం పెట్టుకోకు. నలభై రెండు మంది పని నీ మీద ఆధారపడి ఉంది. ఇంకో మూడు వారాలు ఓపిక పట్టు. ఏడు వేల కిలోమీటర్ల అవతలి బోర్డు ఇక్కడెవరు చదవొచ్చారు?

నాగశ్రీ


ఫ్రాంక్‌ఫర్ట్,
2 జూలై 2025

వదిన గారికి,

మీరు వద్దన్న గొడవ పెట్టుకున్నాను.

శుక్రవారం గణేష్‌బాబు గారిని బోర్డు తియ్యమని అడిగాను. ఆయన నవ్వారు. "అది నీ గురించి కాదమ్మా, బ్రాండు గురించి. ఇక్కడివాళ్ళు లేసు కొనరు, కథ కొంటారు. మీ ఆయన బాగానే ఉన్నాడు గదా, నీకేం నష్టం?" అన్నారు. ఆయన అప్పుడు అరటిపండు తింటున్నారు. నములుతూనే అన్నారు. ఆ నోటివైపు చూడలేక తల తిప్పుకున్నాను.

"నా పాస్‌పోర్టు ఇచ్చెయ్యండి" అన్నాను.

"ప్రదర్శన అయ్యాక ఇస్తాను. మీ వదిన గారికి నేను మాటిచ్చాను, ఆవిడ నాకు మాటిచ్చింది. ఇప్పుడు అల్లరి చేస్తే ఇద్దరి మాటా పోతుంది."

శనివారం నేను ఆకుపచ్చ చీర కట్టుకుని, గాజులు వేసుకుని, నల్లపూసలు పైకి వేసుకుని వెళ్ళాను. బొట్టుబిళ్ళలు ఆయన పారేసినట్టున్నారు, దొరకలేదు. హారతి తన లిప్‌స్టిక్‌తో పెట్టింది, కాస్త వంకరగా. నా కుర్చీ తీసుకెళ్ళి బోర్డు ముందు వేసుకుని కూర్చున్నాను. వచ్చిన ప్రతివాళ్ళకీ హారతి చేత చెప్పించాను. "ఇది అబద్ధం. నా భర్త బతికే ఉన్నాడు. పడవ మీద పనిచేస్తాడు. నాకు పిల్లలు లేరు. లేసు బాగుంటే చూడండి."

అసలు అసహ్యం అప్పుడు చూశాను వదినా. చెప్పింది విని వాళ్ళు సంతోషిస్తారనుకున్నాను. మనిషి బతికే ఉన్నాడంటే ఎవరైనా హమ్మయ్య అంటారు గదా! వాళ్ళ మొహాలు వాడిపోయాయి. నా చెయ్యి పట్టుకుని ఏడ్చిన పెద్దావిడ ఆ రోజు మనవరాలిని కూడా తీసుకొచ్చింది, నన్ను చూపించడానికి. హారతి చెప్పింది విని, నన్ను కిందికీ పైకీ చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. మోసం చేశానని అందట. ఆవిడకి మా ఆయన చచ్చిపోతేనే బాగుంది. ఎవరో ఒకాయన మాత్రం ఏమీ పట్టించుకోకుండా కూర్చుని, నేను లేసు మూల ఎలా తిప్పుతున్నానో అరగంట చూసి, తల ఊపి వెళ్ళాడు. ఆ రోజుకి నాకు దక్కిన గౌరవం అది.

గణేష్‌బాబు గారు అరిచారు. హారతి ప్రదర్శన నడిపే ఆవిడని పిలుచుకొచ్చింది. ఆవిడ మా ఇద్దరినీ ఆఫీసులో కూర్చోబెట్టి అడిగింది. నేను చెప్పింది హారతి చెప్పింది. పుస్తెలతాడు తీసి చూపించాను. ఆవిడ మొహం ఎర్రబడింది. "మేము రుజువు లేకుండా బోర్డు పెట్టలేదు, కాగితం ఉంది" అని ఒక ఫైలు తీసి నా ముందు పెట్టింది.

అందులో పైన ఇంగ్లీషు కాగితం, దాని వెనక తెలుగు కాగితం. తెలుగుది నేనే చదివాను. "శ్రీదుర్గ అను ఈమె మా సంఘ సభ్యురాలు. భర్త పడవ ప్రమాదంలో మరణించినాడు. ఎటువంటి ఆధారము లేదు. ఇది నిజమని ధ్రువీకరిస్తున్నాను." తేదీ మార్చి పదిహేడు.

అక్షరాలు మీవి. సంతకం మీది. 'గ'కి మీరు పెట్టే తోక నాకు తెలియదా?

పిల్లలు మాత్రం అందులో లేరు. వాళ్ళని గణేష్‌బాబు గారు తర్వాత కలుపుకున్నారు.

ఇంతకంటే రాయను.

శ్రీదుర్గ


నరసాపురం,
5 జూలై 2025

దుర్గా,

ఈ కాగితం నేనే ఫొటో తీసి పంపుతున్నాను. మంజుకి చూపించలేదు.

రాశాను. నేనే రాశాను.

మార్చిలో గణేష్‌బాబు వచ్చినప్పుడు పని బాగా వచ్చినవాళ్ళు కావాలని అడగలేదు. కష్టంలో ఉన్నవాళ్ళు కావాలన్నాడు. మొగుడు పోయినవాళ్ళయితే మరీ మంచిదన్నాడు. సంఘంలో ఆరుగురున్నారు అలాంటివాళ్ళు. వాళ్ళ పేర్లే చెప్పాను. వాళ్ళ పని చూసి పెదవి విరిచాడు. నువ్వు అల్లిన బల్లగుడ్డ చూసి "ఈ చెయ్యి కావాలి, ఆ కథ కావాలి" అన్నాడు. "కాగితమే గదండీ, ఫైల్లో పడి ఉంటుంది" అన్నాడు. మంజు ఉద్యోగం మాట అప్పుడే ఎత్తాడు.

నీ చెయ్యి విమానం ఎక్కాల్సిన చెయ్యి అని నేను నిజంగానే అనుకున్నాను. అది అబద్ధం కాదు. మంజు కోసం అన్నదీ అబద్ధం కాదు. ఏది ముందో నాకే తెలియదు. అంత దూరంలో రాసింది ఇక్కడికి తిరిగొస్తుందని మాత్రం అనుకోలేదు. మనిషి పోవడానికి తొమ్మిదిన్నర గంటలు పట్టిన దూరం, ఆ ఫొటో రావడానికి క్షణం పట్టలేదు.

వచ్చాకైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. వాడు గోడవైపు తిరిగి పడుకుంటే, పక్కన కూర్చుని నిన్నే తిట్టాను. టిక్కెట్టు లెక్క కూడా మంజు మొదటి రోజే విడమర్చి చెప్పింది నాకు. అర్థమయ్యాక కూడా అర్థం కానట్టే నీకు రాశాను. వాడికీ అలాగే, సగం సగం చెప్పాను. వాడికి నీ మీద అనుమానం ఉన్నంతసేపు నా మీదకి రాదని. ఇది రాస్తుంటే నా చేతిరాత చూసి నాకే రోత పుడుతోంది.

అబ్బులుకి నువ్వే చెప్పు. నావల్ల కాదు. లేకపోతే ఇద్దరమూ చెప్పకుండా ఉందాం, బోర్డు ఎలాగూ తీసేస్తారు గదా. నీ ఇష్టం.

నాగశ్రీ


ఫ్రాంక్‌ఫర్ట్,
8 జూలై 2025

వదినా,

బోర్డు తీసేశారు. ప్రదర్శన నడిపే ఆవిడ గణేష్‌బాబు దగ్గర్నుంచి నా పాస్‌పోర్టు తీసుకుని నా చేతికిచ్చింది. టిక్కెట్టు కూడా ముందుకి మార్పించింది. గురువారం, పదో తారీఖు ఇక్కడ సాయంత్రం ఎనిమిదికి ఎక్కుతాను. శుక్రవారం పొద్దున్న ఎనిమిదింపావుకి హైదరాబాదు. అక్కడి నుంచి రైలు.

మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పను. పెళ్ళయి వచ్చిన కొత్తలో నాకు లేసు సూది పట్టుకోవడం నేర్పింది మీరే. అందుకని తిట్టడానికి మాటలు వెతుక్కున్నాను, దొరకలేదు. గణేష్‌బాబు మీద కోపం తేలిక. వాడెవడు? మీమీద వచ్చింది కోపం కాదు. ఇంట్లో రోజూ తాగే గ్లాసులో ఏదో కనబడినట్టు ఉంది.

ఆయనకి నేను చెప్పను. ఎందుకంటే ఆయన్ని చంపింది నేను కాదు. ఇద్దరం దాచిపెడదాం అన్న మాట మళ్ళీ నాకు రాయొద్దు.

మీకు ఇవాళా రేపూ ఎల్లుండీ ఉన్నాయి. నేను విమానం ఎక్కేలోపు మీ తమ్ముడికి మీ నోటితో చెప్పండి. మంజు ముందు, సంఘం ముందు కూడా చెప్పండి. చెప్పినట్టు ఇక్కడికి ఒక ముక్క రాయండి. ఆ ముక్క రాకపోతే నేను హైదరాబాదులో దిగి మా అమ్మగారి ఊరు కోరుకొండ వెళ్ళిపోతాను, మీ ఇంటి గుమ్మం తొక్కను. ఆయన కావాలంటే అక్కడికి వస్తారు.

శ్రీదుర్గ


నరసాపురం,
10 జూలై 2025, సాయంత్రం

దుర్గా,

నువ్వు విమానాశ్రయానికి బయలుదేరేలోపు ఇది అందుతుందని హారతి చెప్పింది. అందుకే తొందరగా రాస్తున్నాను, అక్షరాలు పట్టించుకోకు.

చెప్పాను.

నిన్న మధ్యాహ్నం అబ్బుల్ని రేవుకి తీసుకెళ్ళాను. ఇంట్లో చెప్పడానికి గోడలు అడ్డమొచ్చాయి. పంటు అవతలి ఒడ్డున ఉంది, రేవులో ఎవరూ లేరు. ఆ కాగితంలో ఏం రాశానో ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. టిక్కెట్టు లెక్క నాకు తెలిసీ దాచానని చెప్పాను.

 "ఎప్పుడు రాశావక్కా?" అన్నాడు.

"మార్చిలో. పదిహేడున."

"ఆ వారమే గదా నేను నీ ఇంటి పైకప్పు రేకులు మార్చింది."

అవును. వాడు పైన రేకులు బిగిస్తుంటే నేను కింద కూర్చుని అది రాశాను. పైనుంచి మంచినీళ్ళు అడిగితే కలం పక్కన పెట్టి, చెంబు అందించి, మళ్ళీ రాశాను. ఆ సంగతి నేను మర్చిపోయాను. నిజంగా మర్చిపోయాను దుర్గా. వాడు అనేదాకా నాకు గుర్తులేదు.

వాడు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. గోదాట్లోకి ఉమ్మేసి, భుజం మీద తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. "దాని విమానం ఎన్నింటికి?" అన్నాడు. ఎల్లుండి పొద్దున్న ఎనిమిదింపావుకి దిగుతుందని చెప్పాను. "ఇక్కడి గడియారమేనా?" అన్నాడు. ఇక్కడిదే అన్నాను.

సాయంత్రం సంఘం అందరినీ పిలిచి, మళ్ళీ మొత్తం చెప్పాను. లీడరుగా మానేశాను. వాళ్ళలో మొగుడు పోయిన ఆరుగురు లేచి వెళ్ళిపోయారు. ఆ ఆరుగురిలో అప్పాయమ్మ మాత్రం గుమ్మం దగ్గర ఆగి "మాకు నిజంగా పోతే మా పని బాగాలేదన్నారు" అంది. మంజు ఆ ఉద్యోగానికి పోనంది. నాతో మాట్లాడటం లేదు.

నిన్న రేవు నుంచి అబ్బులు తిన్నగా స్టేషనుకి నడిచాడు, ఇవాళ్టి రైలుకి టిక్కెట్టు కోసం. నేను వెనకే వెళ్ళాను. విజయవాడ దాటి ఎప్పుడూ పోనివాడు, హైదరాబాదు ఎలా పోతాడని. కౌంటరు దగ్గర రిజర్వేషను కాగితం తీసుకున్నాడు. చిన్నప్పటి నుంచి వాడి కాగితాలన్నీ నేనే నింపాను. బడిలోవి, బ్యాంకువి, మీ పెళ్ళి రిజిస్టరుది కూడా. అలవాటుగా కలం కోసం చెయ్యి చాపాను.

వాడు కాగితాన్ని అవతలికి లాక్కున్నాడు. గోడకి ఆనించి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ తనే రాసుకున్నాడు. వెనక క్యూలోవాళ్ళు విసుక్కున్నా ఆగలేదు. పేరు, అబ్బులు. మగ. వయసు, నలభై మూడు. రాసింది ఒకసారి పైకి చదువుకుని కౌంటర్లో ఇచ్చాడు.

ఇవాళ, ఇప్పుడే వాడి రైలు కదిలింది. నేను ప్లాట్‌ఫారం బయటే నిలబడ్డాను.

నాగశ్రీ